బంటు నుండి సుబేదారు వరకు

కోకాపేటలోని ఆకాశహర్మ్యాల పై అంతస్తుల నుండి తూర్పు దిక్కుకు చూస్తే గోలకొండ కోట కనిపిస్తుంది. ఆ కోట పరిసరాలలోనే భారత సైన్యపు ఫిరంగి దళ శిక్షణ కేంద్రం ఉన్నది. 1962లో ఏర్పడిన ఈ కేంద్రానికి దేశంలోని పలు ప్రాంతాల నుండి పద్దెనిమిది, ఇరవై ఏండ్ల యువకులు వస్తుంటారు. కొన్ని నెలల శిక్షణ తరువాత వారు సైనికులై సరిహద్దులకు తరలిపోతారు. ఈ మార్పును ఎవరు సాధిస్తున్నారు? సేనాధిపతులు అనుకుంటాం. కాని తెల్లవారుజామున కుర్రవాళ్ళను నిద్రలేపి, నడక నేర్పి, ఆయుధం పట్టించి, తప్పు చేస్తే మందలించి, జ్వరం వస్తే వైద్యుని వద్దకు పంపేవాడు హవల్దారు. ఇతర దేశాల సైన్యాలలో ఇతనిని సార్జెంట్ అంటారు.

పదాల పుట్టుకను పరిశీలిస్తే ఈ ఉద్యోగ స్వభావం తేటతెల్లమవుతుంది. సార్జెంట్ అనే మాటకు లాటిన్ భాషలో మూలార్థం 'సేవ చేసేవాడు' అని. మన భాషలో దానికి సాటిరాగల మాట 'బంటు'. బంటు అంటే సేవకుడు, బంటు అంటే వీరుడు కూడా. హనుమంతుని రామబంటు అనడంలో ఈ రెండు అర్థాలూ ఇమిడి ఉన్నాయి. సేవించడం తెలిసినవాడే పోరాడగలడన్న భావన రెండు సంస్కృతులలోనూ కనబడడం విశేషం.

నేటి సైన్యంలోని 'నాయక్' అనే హోదా సంస్కృత 'నాయక' శబ్దమే. ఈ మాట తెలుగువారికి కొత్తది కాదు. కాకతీయుల కాలంలో నాయంకర విధానం అమలులో ఉండేది. నాయకులు రాజు నుండి గ్రామాలను పొంది, వాటి ఆదాయంతో సేనలను పోషించి, యుద్ధ సమయంలో రాజుకు తోడ్పడేవారు. ఓరుగల్లు కోట బురుజుల రక్షణభారాన్ని రాజు నాయకులకు పంచి ఇచ్చాడని ప్రతాపరుద్ర చరిత్రము తెలుపుతున్నది. అయితే కాకతీయ నాయకుడు సామంతుని వంటివాడు, నేటి నాయక్ కొద్దిమంది సైనికులకు పెద్ద. అధికార పరిధి తగ్గినా, తనకు అప్పగించిన చోటును కాపాడడమనే ధర్మం మాత్రం మారలేదు. ఇక హవల్దారు, సుబేదారు, సిపాయి అనే మాటలు పారసీకం నుండి వచ్చాయి. 'హవాలా' అంటే అప్పగింత. అప్పగించిన బాధ్యతను వహించేవాడు హవల్దారు.

సైనిక చరిత్రలో తెలుగువారి పేరే ఒక హోదాకు పర్యాయపదమైన సందర్భం ఉన్నది. 1756లో క్లైవు మద్రాసు నుండి బెంగాలుకు దండు నడిపినప్పుడు అతని వెంట దక్షిణాది సిపాయిలు వెళ్ళారు. అక్కడి ప్రజలు ఐరోపా పద్ధతిలో శిక్షణ పొందిన సిపాయిని తెలుగునేల పేరు మీద 'తిలంగా' అని పిలువసాగారు. 1857 తిరుగుబాటు నాటికి ఢిల్లీ చేరిన సిపాయిలలో అధికులు ఉత్తరాదివారే అయినా, నగరవాసులు వారినీ ఆ పేరుతోనే వ్యవహరించారు. తదనంతర కాలంలోనూ తెలుగు పల్లెలు సైన్యానికి యువకులను పంపుతూనే ఉన్నాయి. తాడేపల్లిగూడెం సమీపంలోని మాధవరం గ్రామం రెండు ప్రపంచ యుద్ధాలకు సైనికులను పంపి 'మిలటరీ మాధవరం'గా ప్రసిద్ధి చెందింది.

నేటి హోదాల క్రమాన్ని చూద్దాం. పదాతిదళంలో మొదటి మెట్టు సిపాయి. చేతి మీద ఒక పట్టీ ఉంటే లాన్స్ నాయక్, రెండు ఉంటే నాయక్, మూడు ఉంటే హవల్దారు. ఈ ముగ్గురినీ కమిషన్ లేని అధికారులు అంటారు. వీరికి పైన నాయబ్ సుబేదారు, సుబేదారు, సుబేదారు మేజరు ఉంటారు. వీరు జూనియర్ కమిషన్డ్ అధికారులు. నాయబ్ సుబేదారును 1965 వరకు జమేదారు అనేవారు. అశ్విక సంప్రదాయం గల దళాలలో హవల్దారును దఫేదారు అనీ, సుబేదారును రిసాల్దారు అనీ పిలుస్తారు. జిల్లా కలెక్టరు వెంట ఉండే దఫేదారు పేరు కూడా ఆ సైనిక పదమే. వాయుసేనలో మాత్రం సార్జెంట్ అనే పేరే నిలిచి ఉన్నది.

ఈ హోదాలు కేవలం అలంకారాలు కావు. సుమారు పదిమంది సైనికుల జట్టును సెక్షన్ అంటారు. దానికి హవల్దారు గాని నాయక్ గాని నాయకత్వం వహిస్తాడు. మూడు సెక్షన్లు కలిస్తే ప్లటూన్. దాని భారం సాధారణంగా సుబేదారుది లేదా నాయబ్ సుబేదారుది. ఫిరంగి దళంలో ఒక్కొక్క ఫిరంగిని నడిపే జట్టుకు సాధారణంగా హవల్దారే పెద్ద. గురి లెక్కలు సరిచూసి, పేల్చడానికి ఆజ్ఞ ఇచ్చేది అతడే. కంపెనీ హవల్దారు మేజరు క్రమశిక్షణను చూస్తాడు. క్వార్టర్ మాస్టర్ హవల్దారు ఆయుధాలు, దుస్తులు మొదలైన సామగ్రిని చూస్తాడు.

యువ లెఫ్టినెంటుకు అధికారం ఉంటుంది, సుబేదారుకు అనుభవం ఉంటుంది. అందుకే అధికారులు సైతం సుబేదారును 'సాహెబ్' అని గౌరవంగా సంబోధిస్తారు. ఆజ్ఞ ఇచ్చే హక్కు ఒకరిది, ఆ ఆజ్ఞ ఆచరణలో ఎలా సాగుతుందో ఎరిగిన తెలివి మరొకరిది. ఈ ఇద్దరి పొందికలోనే సైన్యపు బలం ఉన్నది.

ఇందుకు అబ్దుల్ హమీద్ జీవితమే నిదర్శనం. 1965 యుద్ధంలో అతడు గ్రెనేడియర్స్ దళపు నాలుగవ బెటాలియన్‌లో కంపెనీ క్వార్టర్ మాస్టర్ హవల్దారు. సామగ్రి లెక్కలు చూడడం అతని విధి. కాని అంతకుముందు ట్యాంకు విధ్వంసక తుపాకిని నడపడంలో సంవత్సరాల అనుభవం గడించాడు. పంజాబులోని ఖేమ్‌కరణ్ ప్రాంతంలో శత్రువుల ట్యాంకులు చొచ్చుకు వచ్చినప్పుడు ఆ అనుభవమే అక్కరకు వచ్చింది. జీపు మీద అమర్చిన తుపాకితో అనేక ట్యాంకులను ధ్వంసం చేసి, సెప్టెంబరు 10న వీరమరణం పొందాడు. దేశం అతనిని పరమవీర చక్రతో గౌరవించింది. నిన్నటి సాధన నేటి ఆపదలో ఆయుధమైన తీరు ఇది.

ఇంతటి హవల్దారు ఒక్కనాటిలో తయారు కాడు. సిపాయిగా చేరి, పరీక్షలు, శిక్షణలు దాటుతూ మూడు పట్టీలు ధరించడానికి ఏండ్లు పడుతుంది. 2022లో ప్రకటించిన అగ్నిపథ్ పథకం ఈ విషయాన్ని మరల చర్చకు తెచ్చింది. దీని ప్రకారం అగ్నివీరులు నాలుగేండ్లు సేవ చేస్తారు. ఆ తరువాత వారిలో ఇరవై ఐదు శాతం మించకుండా ఎంపికైనవారు శాశ్వత సైన్యంలో చేరతారు. సైన్యంలో యువరక్తం పెరుగుతుందని పథకాన్ని సమర్థించేవారు చెబుతున్నారు. అనుభవం కుదురుకోకముందే అధికులు వెళ్ళిపోతారని విమర్శకులు అంటున్నారు. రేపటి హవల్దార్లు ఆ కొద్దిమంది నుండే రావలసి ఉన్నది. కనుక ఆ ఎంపిక ఎంత నిశితంగా జరిగితే సైన్యానికి అంత మేలు.

యుద్ధ విజయాలను చరిత్ర సేనానుల పేరిట లిఖిస్తుంది. ఆ విజయాలకు పునాది వేసిన హవల్దార్ల పేర్లు అరుదుగానే గ్రంథాలకు ఎక్కుతాయి. పదవీ విరమణ తరువాత వారిలో ఎందరో నగరాలలో భద్రతా సిబ్బందిగా మన కంటికి కనబడుతూనే ఉంటారు. వారి చేతి మీద నేడు పట్టీలు ఉండకపోవచ్చు. కాని వారు తీర్చిదిద్దిన సైనికులు నేటికీ సరిహద్దులలో నిలబడి ఉన్నారు. ఈ సంగతి ఎరిగి వారిని గౌరవించడం మన విధి.