వార్తల్లో పదం: ఎంసీఎంసీ

ఎన్నికల షెడ్యూలు వెలువడగానే ‘ఎంసీఎంసీ అనుమతి తప్పనిసరి’ అన్న వార్త జిల్లా పేజీల్లో కనిపిస్తుంది. ఎంసీఎంసీ అంటే మీడియా సర్టిఫికేషన్ అండ్ మానిటరింగ్ కమిటీ. రాజకీయ ప్రకటనలను ముందే పరిశీలించి ధ్రువపత్రం ఇవ్వడం, పెయిడ్ న్యూస్‌పై నిఘా పెట్టడం దీని పని. జిల్లా స్థాయిలో కలెక్టరే దీనికి పెద్ద. రామగుండం, గోదావరిఖని వరకు పెద్దపల్లి కలెక్టర్ అన్నమాట.

ముందస్తు ధ్రువీకరణకు మూలం తెలుగునేల మీదే ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్లిన జెమినీ టీవీ కేసులో 2004 ఏప్రిల్ 13న సుప్రీంకోర్టు టీవీ ప్రకటనలకు దీన్ని తప్పనిసరి చేసింది. 2013 అక్టోబరులో ఎన్నికల సంఘం ఆ నిబంధనను సోషల్ మీడియాకూ వర్తింపజేసింది.

అభ్యర్థి ప్రసారానికి కనీసం 3 రోజుల ముందు దరఖాస్తు చేసుకోవాలి. వీడియో ప్రతి, అందులోని మాటల పాఠం, తయారీ ఖర్చు జతపరచాలి.

డబ్బు కట్టి ఫేస్‌బుక్‌లో వేయించిన వీడియోకు ధ్రువపత్రం కావాలి. అదే మాట ఎవరైనా సొంత ఖాతాలోనో బ్లాగులోనో రాసుకుంటే అక్కర్లేదు. ప్రవర్తనా నియమావళి మాత్రం సోషల్ మీడియాకూ వర్తిస్తుంది. అభ్యర్థి ఆన్‌లైన్ ప్రచారానికి పెట్టిన సొమ్ము, ఆ పని చేసే సిబ్బంది జీతాలతో సహా, ఎన్నికల ఖర్చు లెక్కలోకే వస్తుంది.

కోల్‌బెల్ట్ ఓటరు గమనించాల్సిన తేడా ఒకటుంది. 2023 నవంబరు 30న జరిగిన తెలంగాణ అసెంబ్లీ పోలింగ్‌కు ఎంసీఎంసీ ఉంది. డిసెంబరు 27న జరిగిన సింగరేణి బొగ్గు గనుల కార్మికుల గుర్తింపు సంఘం ఎన్నికలను నిర్వహించింది ఎన్నికల సంఘం కాదు, కేంద్ర కార్మిక శాఖ. కాబట్టి వాటి వాట్సాప్ ప్రచారం ఈ కమిటీ పరిధిలోకి రాదు.