ఇద్దరి సంసారము, ఎవరి ఆస్తి వారిది

వశిష్ఠ, వైనతేయ పాయల నడుమనున్న రాజోలు సీమలో ఆస్తియనగా తరతరములుగా కొబ్బరితోట, వరిచేను, పెరటితో కూడిన పెంకుటిల్లు. తరువాతి కాలమున చేపల చెరువును, గల్ఫు దేశముల సంపాదనతో కొన్న ఇండ్లస్థలమును, బ్యాంకు డిపాజిట్టును, బీమా పాలసీయును వానితో చేరినవి. ఆలుమగలు కలిసి కష్టించి, కలిసి అనుభవించు ఈ సంపద అంతయు తమ ఇరువురిదేనని వారు నమ్ముదురు. కాని వారిలో ఒకరు గతించిననాడు ఆ నమ్మకమునకు చట్టములో ఆధారము కానరాదు. ప్రతి ఆస్తియు ఎవరి పేరనున్నది, వారికి ఏ మార్గమున సంక్రమించినది అను రెండు ప్రశ్నల మీదనే దాని భవిష్యత్తు ఆధారపడియుండును.

లోకమంతట ఇట్లే లేదు. అమెరికాలోని కాలిఫోర్నియాలో, వివాహానంతరము దంపతులలో ఎవరు ఆర్జించినను, ఆ ఆర్జనలో రెండవవారికి సగము హక్కు పుట్టును. మన దేశములోనే గోవాలో, 1867 నాటి పోర్చుగీసు సివిల్ కోడు ననుసరించి, పెండ్లికి ముందు వేరుగా ఒప్పందము వ్రాసికొననిచో దంపతుల ఆస్తి ఉమ్మడి యగును. తక్కిన భారతదేశములో సామాన్యముగా వివాహము చేత భార్య ఆస్తిపై భర్తకు గాని, భర్త ఆస్తిపై భార్యకు గాని స్వామ్యము కలుగదు. పోషణహక్కు కలదు, నివాసహక్కు కలదు, మరణానంతరము వారసత్వము కలదు. జీవించియుండగా సహస్వామ్యము మాత్రము లేదు. కావుననే మన దంపతులకు తమ తదనంతర వ్యవస్థను ముందుగా ఆలోచించుకొనవలసిన అగత్యము ఎక్కువ.

స్త్రీకి ఈ స్వతంత్ర స్వామ్యము సులభముగా లభించినది కాదు. పూర్వము హిందూ వితంతువు భర్త ఆస్తిని తన జీవితకాలము అనుభవింపవచ్చునే గాని, తగిన అవసరము చూపనిదే అమ్మజాలదు, ఇష్టమైనవారికి వ్రాసియీయజాలదు. 1937 నాటి చట్టము ఆమెకు కొడుకుతో సమానమైన వాటానిచ్చియు ఆ పరిమితిని తొలగింపలేదు. 1956 జూన్ 17న అమలులోనికి వచ్చిన హిందూ వారసత్వ చట్టపు 14వ సెక్షను ఆ సంకెలను తెంచినది. దాని యథార్థబలమును తేల్చిన వ్యాజ్యము మన తెలుగునేలదే. 1931లో భర్తను కోల్పోయిన నెల్లూరు సీమ స్త్రీ తులసమ్మ, తన మరిదిపై 1944లో మనోవర్తికై దావా తెచ్చి, 1949లో రాజీ మూలమున కొంత ఆస్తిని జీవితాంతము అనుభవించు నిబంధనతో పొందినది. ఆమె 1960, 1961 సంవత్సరములలో అందు కొంత అన్యాక్రాంతము చేయగా మరిది ఆక్షేపించెను. ఆ వివాదము సుప్రీంకోర్టు దాక పోయి, 1977లో ఆమెకు అనుకూలముగా ముగిసినది: భర్త ఆస్తినుండి పోషణ పొందుట ఆమెకు ముందునుండియే ఉన్న హక్కు గనుక, దానికి బదులుగా లభించిన ఆస్తికి ఆమె సంపూర్ణ యజమానురాలని న్యాయమూర్తులు తీర్మానించిరి.

ఇక వీలునామా వ్రాయని హిందూ భర్త మరణించినచో అతని స్వార్జితము భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు, తల్లికి సమభాగములుగా చెందును. ఇందు తల్లిని చాలమంది మరతురు. భార్య, ఇద్దరు బిడ్డలు, తల్లి మిగిలినచో ఇంటిలో నాలుగవ వంతు అత్తగారిది. ఆమెయు వ్రాతలేక గతించినచో ఆ వంతులో ఆమె తక్కిన బిడ్డలకును భాగము వచ్చును. భర్త కట్టిన ఇల్లు తనదేయని నిశ్చింతగా నున్న ఇల్లాలు, బావమరదులతో, ఆడపడుచులతో సంతకములు పెట్టించుకొననిదే దానిని అమ్మజాలని స్థితి ఇట్లే ఏర్పడును.

భార్య ఆస్తి నడచు త్రోవ వేరు. బిడ్డలును, భర్తయు ఉన్నచో వారందరును సమముగా పంచుకొందురు. భార్యపై ప్రేమతో ఇల్లు ఆమె పేర కొన్న భర్త, ఆమె ముందుగా పోయిననాడు తాను కొన్న ఇంటిలోనే ఒక భాగస్థుడు మాత్రమగును. సంతానము లేనప్పుడు మూలమును బట్టి గతి మారును: తల్లిదండ్రులనుండి వారసత్వముగా వచ్చినది తండ్రి వారసులకు మరలును, భర్తనుండి గాని మామగారినుండి గాని వారసత్వముగా వచ్చినది భర్త వారసులకు పోవును, స్వార్జితము భర్తకును, అతడు లేనిచో అతని వారసులకును చెందును. ఇందు మన ప్రాంతమువారు ప్రత్యేకముగా గమనింపవలసిన సూక్ష్మమొకటి కలదు. తండ్రి మరణానంతరము కూతురికి వాటాగా వచ్చిన తోటయు, తండ్రి జీవించియుండగనే పసుపు కుంకుమల క్రింద రిజిస్టరు చేసియిచ్చిన తోటయు ఒక్కటి కావు; మొదటిది వారసత్వము, రెండవది దానము. బిడ్డలు లేని ఆమె వ్రాతలేక మరణించినచో మొదటిది పుట్టింటికి మరలవచ్చును, రెండవది మెట్టినింటివారికి పోవును. ఇక నోటిమాటతో ఇచ్చిన భూమి విషయమో, 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టము స్థిరాస్తి దానమునకు రిజిస్టరైన దస్తావేజును కోరుచున్నది గనుక, ఆమె హక్కు నిలుచుటయే సందేహము.

ఈ క్రమము ఎంత కఠినముగా పరిణమింపగలదో 2009లో సుప్రీంకోర్టు విన్న ఒక వ్యాజ్యము చెప్పును. చిన్నతనముననే భర్తను కోల్పోయి, అత్తవారింటినుండి వెళ్లగొట్టబడి, పుట్టింటివారి అండతో చదివి ఉద్యోగము చేసి కూడబెట్టిన ఒక స్త్రీ వీలునామా లేక మరణింపగా, ఆమె ధనము తల్లికి గాక భర్త తరఫువారికే దక్కినది. న్యాయమూర్తులకు జాలి కలిగినను చట్టము దారి ఇవ్వలేదు. ఆమె ఒక్క కాగితము వ్రాసియున్నచో ఆ ఫలితము తప్పియుండెడిది.

ఇద్దరి పేర్లు కలిపి వ్రాయించినంత మాత్రమున బ్రతికినవారికి సర్వస్వము దక్కునని భావించుటయు పొరపాటే; దస్తావేజులో వాటాలు చెప్పనప్పుడు సామాన్యముగా పెట్టిన సొమ్మును బట్టి, అది తేలనిచో సమముగా హక్కులుండి, గతించినవారి భాగము వారి వారసులకు చేరును. బ్యాంకు జాయింటు ఖాతాలో మిగిలినవారు సొమ్ము తీసికొనవచ్చును గాని, దానిపై వారసుల హక్కు అంతటితో నశింపదు. నామినీ సంగతియు ఇంతియే: అతడు సొమ్మునందుకొను ధర్మకర్తయే గాని యజమాని కాడని 1984లోనే సుప్రీంకోర్టు స్పష్టపరచినది. బీమాలో మాత్రము 2015 సవరణ తరువాత తల్లిదండ్రులు, జీవిత భాగస్వామి, బిడ్డలు నామినీలైనచో వారికే లబ్ధి చెందును.

కువైటులోనో మస్కటులోనో పరుల ఇండ్ల పనిచేసి భార్య పంపిన ధనముతో భర్త పేర స్థలము కొనుట గల్ఫునకు వలసపోవు కుటుంబములలో సంభవించు సంగతియే. అట్టిచో ఆమె తన హక్కును నిరూపించుకొనుటకు బ్యాంకు రశీదులు తప్ప శరణ్యము లేదు. చెమటయోడ్చినవారి పేరు దస్తావేజులో ఉండుటయే న్యాయము. అది కుదరనిచో సొమ్ము వెళ్లిన దాఖలానైనను పదిలపరచుకొనవలెను.

మతమును బట్టియు నియమములు మారును. క్రైస్తవ కుటుంబములకు 1925 నాటి భారత వారసత్వ చట్టము వర్తించును; బిడ్డలున్నచో జీవించియున్న భార్యకు గాని భర్తకు గాని మూడవ వంతు, తక్కినది బిడ్డలకు. ముస్లిముల ధర్మము ననుసరించి బిడ్డలున్నచో భార్యకు ఎనిమిదవ వంతు, భర్తకు నాలుగవ వంతు. వారి వీలునామా అధికారము సామాన్యముగా మూడవ వంతునకే పరిమితము.

వీలునామాకు స్టాంపు కాగితము అక్కరలేదు, రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. ఇద్దరు సాక్షులు, వ్రాసినవారు సంతకము చేయుట చూచియో, చేసినట్లు వారి నోట వినియో, వారి సమక్షమున సంతకములు చేసిన చాలును. ఐనను సబ్ రిజిస్ట్రారు కార్యాలయములో రిజిస్టరు చేయించుట, లబ్ధిదారులు కానివారిని సాక్షులుగా ఎంచుకొనుట, సర్వే నంబర్లను హద్దులతో సహా వ్రాయుట భావికలహములను తగ్గించును. దంపతులు చెరియొక వీలునామా వ్రాసికొనుట మేలు. కలిపి వ్రాసినది, ఒకరు గతించిన పిమ్మట రెండవవారు మార్చవచ్చునా యను తగవునకు చోటిచ్చును. భార్యకు జీవితకాల అనుభవము మాత్రమే వ్రాయదలచినవారు న్యాయవాదిని తప్పక సంప్రదింపవలెను. అట్టి వ్రాత 14వ సెక్షను క్రింద ఆమెకు సంపూర్ణహక్కుగా మారునా యను ప్రశ్నను 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు విస్తృత ధర్మాసనమునకు నివేదించినది. వీలునామాను ఎన్నిమారులైనను మార్చవచ్చును, దఖలు దస్తావేజు అట్లు కాదు. జీవించియుండగనే బిడ్డలకు ఇల్లు దఖలు పరచదలచిన వృద్ధులు, తమ పోషణ షరతును అందులో వ్రాయించినచో, 2007 నాటి వయోవృద్ధుల చట్టము వారికి రక్షణ నిచ్చును.

చావు మాట ఎత్తుట అశుభమని ఈ చర్చను వాయిదా వేయువారు తమ మౌనముచేత నిర్ణయాధికారమును చట్టమునకు అప్పగించుచున్నారు. ఆ చట్టమునకు వారి ఇంటి కష్టసుఖములు తెలియవు. దస్తావేజులన్నియు ముందు పెట్టుకొని దంపతులు ఒక సాయంకాలము కూర్చుండి, ప్రతి ఆస్తి ఎవరి పేరనున్నది, ఎట్లు వచ్చినది, తమ తరువాత ఎవరికి చెందవలెను అని విచారించి వ్రాసికొందురు గాక. అందు భార్య కేవలము వినునదిగా గాక వ్రాయునదిగా ఉండవలెను. తన ఆస్తిని తన యిచ్చ చొప్పున ఇచ్చు అధికారమునకై ఈ దేశపు స్త్రీలు తరములు వేచి, కోర్టుల మెట్లెక్కి పోరాడిరి గనుక, ఆ అధికారమును వినియోగించుట ఆమెకు హక్కే కాక బాధ్యతయు నగుచున్నది.