చెమట ఆరే దారి

1774లో లండన్‌లో కొందరు పెద్దమనుషులు మండిపోయే గదిలోకి కావాలనే వెళ్ళారు. జార్జ్ ఫోర్డైస్ అనే వైద్యుడు పొయ్యి రాజేసి, ఆ గదిని నీళ్ళు మరిగే వేడికి మించి కాచి ఉంచాడు. చార్లెస్ బ్లాగ్డెన్ అనే మరో వైద్యుడు దాదాపు 127 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఎనిమిది నిమిషాలు నిలబడి బయటికొచ్చాడు. నాడి నిమిషానికి 144 సార్లు కొట్టుకుంది గానీ ఒళ్ళు కాలలేదు. అదే గదిలో రేకు మీద పెట్టిన కోడిగుడ్లు ఇరవై నిమిషాల్లో గట్టిపడిపోయాయి. మాంసం ముక్క 33 నిమిషాల్లో కావలసినదానికన్నా ఎక్కువే కాలింది. మరో ముక్క మీదికి తిత్తితో అదే వేడిగాలిని ఊదితే 13 నిమిషాలే పట్టింది.

గుడ్డు ఉడికిన చోట మనిషి ఎలా నిలిచాడు?

బ్లాగ్డెన్ మరుసటి ఏడాది ప్రచురించిన నివేదికలో దీనికి దారి చూపే ఒక చిన్న ప్రయోగం ఉంది. రెండు మట్టిపాత్రల్లో సమానంగా నీళ్ళు పోసి ఆ గదిలో పెట్టారు. ఒకదానిలో కొంచెం మైనం వేశారు. అది కరిగి నీటిపై పొరలా పరుచుకుంది. గంటన్నర గడిచేసరికి మామూలు నీళ్ళు 60 డిగ్రీల దగ్గర, మైనం పాత్రలోవి 67 డిగ్రీల దగ్గర ఉన్నాయి. చుట్టూ గాలి అంత వేడిగా ఉన్నా మామూలు నీళ్ళు మరిగే దరిదాపులకు రాలేదు. గంటకు పైగా ఒకేచోట ఆగిపోయాయి. చివరికి రెండింటిలోనూ కొద్దిగా నూనె పోశారు. అప్పుడు రెండూ సలసలా మరిగాయి. నీటి నుంచి ఆవిరి పైకి లేచినంతసేపూ, లోపలికి వచ్చిన వేడిని ఆ ఆవిరి బయటికి మోసుకుపోయింది. పైన నూనె పరుచుకోగానే ఆ దారి మూసుకుపోయింది. ఇంత చవకైన సామగ్రితో ఇంత పెద్ద సంగతి తేల్చిన ప్రయోగాలు విజ్ఞాన చరిత్రలో ఎక్కువ లేవు.

ఆవిరి మోసుకుపోయే ఈ వేడిని గుప్తోష్ణం అంటారు. గ్లాస్గోలో పనిచేసిన జోసెఫ్ బ్లాక్ 1760లలోనే దీన్ని కొలిచి చూపించాడు. ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి 4.2 జౌళ్ళు చాలు. అదే గ్రాము మన చర్మం మీద ఆవిరై పోవడానికి సుమారు 2,400 జౌళ్ళు కావాలి. ఎండాకాలం కుండ నీళ్ళు చల్లబడే కిటుకంతా ఈ తేడాలోనే ఉంది. పది లీటర్ల నీళ్ళు పది డిగ్రీలు చల్లబడాలంటే, లెక్క ప్రకారం కుండ గోడల్లోంచి ఊరి ఆవిరవ్వాల్సిన నీరు గ్లాసుడు కూడా ఉండదు. బయటి వేడి కుండలోకి వస్తూనే ఉంటుంది కనక వాస్తవంలో ఇంకాస్త ఎక్కువ ఖర్చవుతుంది. తెలంగాణ ఇళ్ళలో రంజన్ అన్నా, కోస్తాలో కూజా అన్నా పని ఒకటే.

మన శరీరానిదీ అదే అవస్థ. ఊరకే కూర్చున్న మనిషి ఒంట్లో కూడా సుమారు 100 వాట్ల వేడి నిరంతరం పుడుతూ ఉంటుంది. అది ఎటూ పోకపోతే ఒంటి వేడి గంటకు ఒక డిగ్రీకి పైగా పెరుగుతుంది. గడ్డపార పట్టి మట్టి తవ్వే మనిషిలో పుట్టే వేడి ఇంతకు నాలుగైదు రెట్లు. అదంతా బయటపడటానికి మామూలుగా మూడు దారులు ఉన్నాయి: చల్లటి వస్తువును తాకితే వహనం, ఒంటిని తాకి పోయే గాలితో సంవహనం, చుట్టూ ఉన్న గోడల వైపు వికిరణం. ఈ మూడింటికీ ఒకటే షరతు. వేడి తనంతట తాను ఎక్కువ వేడి ఉన్న చోటు నుంచి తక్కువ ఉన్న చోటికే పోతుంది. 1850లో రుడాల్ఫ్ క్లాసియస్ ఉష్ణగతిక శాస్త్రపు రెండో సూత్రంగా చెప్పింది ఇదే. చర్మం వేడి సుమారు 35 డిగ్రీలు. బయట గాలి 45 ఉంటే మూడు దారులూ ఎదురు తిరుగుతాయి. గాలీ గోడలూ ఒంటికే వేడినిస్తాయి. బ్లాగ్డెన్ గదిలో తిత్తి ఊదిన మాంసం త్వరగా కాలింది ఇందుకే. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 40 డిగ్రీలు దాటితే ఫ్యాను ఒంటిని వేడెక్కిస్తుందనే చెబుతుంది.

ఇక మిగిలింది చెమట ఒక్కటే. తనకన్నా వేడిగా ఉన్న గాలిలోకి శరీరం వేడిని పంపుతోందంటే రెండో సూత్రం తప్పినట్టు కనిపిస్తుంది. తప్పలేదు. నీరు ద్రవరూపం వదిలి పొడిగాలిలో ఆవిరిగా చెదిరిపోతుంది. ఆ చెదరడంలో పెరిగే ఎంట్రోపీయే, అంటే చెదురుదనపు కొలతే, ఈ పనికి మూల్యం చెల్లిస్తుంది. గాలి పొడిగా ఉన్నంతవరకే ఈ బేరం కుదురుతుంది.

ఇక్కడే రామగుండం ఎండకూ విశాఖ ఉక్కపోతకూ తేడా వస్తుంది. ఎంత చల్లబడవచ్చో కొలిచే పద్ధతి పాతదే. థర్మామీటర్ బల్బుకు తడిగుడ్డ చుట్టి గాలి ఆడనిస్తే అది దిగి ఆగే అంకె వెట్ బల్బ్ ఉష్ణోగ్రత. ఆ గాలిలో నీటి ఆవిరితో అంతకన్నా చల్లబడటం కుదరదు. రామగుండంలో ఒక మే మధ్యాహ్నం 45 డిగ్రీలు, గాలిలో తేమ 15 శాతం ఉందనుకుందాం. వెట్ బల్బ్ 24 దగ్గర ఆగుతుంది. విశాఖలో 36 డిగ్రీలే ఉండి తేమ 70 శాతం ఉంటే అది 31 దాకా ఉంటుంది. మామూలు థర్మామీటర్ ప్రకారం విశాఖ తొమ్మిది డిగ్రీలు చల్లన, తడి థర్మామీటర్ ప్రకారం ఏడు డిగ్రీలు వేడి. కూలర్ రామగుండంలో గదిని చల్లబరిచి, విశాఖలో తేమగాలిని తిప్పడానికి మాత్రమే పనికొచ్చేది అందుకే. ఆ తేమలో చెమట ఆరదు, కారిపోతుంది. నేల మీద రాలిన చెమట బొట్టు ఒంటి వేడిని ఏమీ తీసుకుపోదు.

2010లో స్టీవెన్ షెర్‌వుడ్, మాథ్యూ హ్యూబర్ అనే శాస్త్రవేత్తలు 35 డిగ్రీల వెట్ బల్బ్‌ను మనిషి తట్టుకోలేని హద్దుగా లెక్కగట్టారు. నీడలో కూర్చుని ఎన్ని నీళ్ళు తాగినా ఆ స్థితిలో కొన్ని గంటలకు మించి బతకడం కష్టం. అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీలో ఆరోగ్యంగా ఉన్న యువతీయువకుల మీద చేసి 2022లో ప్రచురించిన పరీక్షల్లో ఆ హద్దు ఇంకా కింద, తేమ వాతావరణంలో సుమారు 31 దగ్గరే కనిపించింది. పొడి వేడిలో అంతకన్నా తక్కువే తేలింది. ఎందుకంటే అక్కడ గాలి ఎంత చెమటనైనా పీల్చుకుంటుంది, ఒళ్ళే అంత చెమట పోయలేదు. కనక రామగుండం ఎండ సురక్షితమని ఎవరూ అనుకోకూడదు. ఒంట్లో నీరు, ఉప్పు తగ్గితే అక్కడ ముప్పు. విశాఖలో నీళ్ళు తాగుతున్నా ముప్పు తప్పదు. 2015 మే నెలలో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి వెయ్యి మందికి పైగా వడదెబ్బకు చనిపోయారు.

రాత్రి కూడా ఊరట దొరక్కపోవడానికి కారణం కాంక్రీటు శ్లాబు. పగలంతా తాగిన వేడిని అది రాత్రి కింద పడుకున్నవాళ్ళ మీదికి వికిరణంగా వదులుతుంది. పైన తెల్లటి సున్నం పూస్తే ఎండలో ఎక్కువ భాగం తిరిగి పైకి పోతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో ప్రకటించిన కూల్ రూఫ్ విధానం నిలబడింది ఈ సూత్రం మీదే.

మైదానాల్లో 40 డిగ్రీలు చేరితే గానీ లెక్కలోకి తీసుకోని వడగాడ్పును, భారత వాతావరణ శాఖ తీరప్రాంతాల్లో 37 నుంచే లెక్కిస్తుంది. అది మంచి అడుగు, కానీ చాలదు. పత్రికలూ టీవీలూ గరిష్ఠ ఉష్ణోగ్రత పక్కనే వెట్ బల్బ్ అంకె కూడా ఇవ్వాలి. కోస్తా జిల్లాల్లో ఉపాధి హామీ పనులకూ భవన నిర్మాణ కూలీలకూ పనివేళలు నిర్ణయించేవారు ఆ అంకెనే చూడాలి. ఎండలో పనిచేసే మనిషి తడబడుతూ మాట్లాడినా, ఒళ్ళు కాలిపోతున్నా వెంటనే నీడకు చేర్చండి. బట్టలు వదులు చేసి, ఒళ్ళంతా చల్లటి నీళ్ళతో తడిపి గాలి విసరండి, 108కి ఫోన్ చేయండి. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్ళు పోయకండి.