ఒంటిలోపల ఒక చిన్న రేడియో



ఇబ్రహీంపట్నంలో మా పక్కింట్లో ఒక పెద్దమ్మ ఉన్నది. మోకాలి నొప్పితో చాలాకాలం బాధపడి, చివరికి డాక్టరుగారు రాసిచ్చిన చీటీ పట్టుకొని, కొడుకు వెంట పట్నం పోయి ఎం.ఆర్.ఐ. స్కానింగు తీయించుకొని వచ్చింది. మర్నాడు పలకరిద్దామని వెళ్ళాను. నొప్పి సంగతి పక్కన పెట్టి ఆమె నన్ను అడిగిన మొదటి మాట ఇది: "గంత పెద్ద మిషిన్ల పండవెట్టిన్రు గద బిడ్డా, మల్ల మోకాలికి గా డొప్ప ఎందుకు కట్టిన్రు?"

నేను జవాబు చెప్పేలోగానే ఆమె ముంజేయి చూపించింది. అక్కడ చిన్న ఎర్రని మచ్చ. డొప్ప నుంచి వచ్చిన వైరు చేతికి ఆనుకొని సుర్రుమన్నదట. "మరి వాళ్ళతో చెప్పలేదా పెద్దమ్మా?" అన్నాను. "కదలొద్దన్నరు గద! ఊకున్న" అన్నది. చేతిలో నొక్కడానికి రబ్బరు బంతి ఇచ్చారట. దాన్ని భద్రంగా పట్టుకొని పడుకున్నది గాని నొక్కలేదు.

డొప్ప ఎందుకు? వైరు ఎందుకు కాలింది? ఈ రెండు ప్రశ్నలకూ జవాబు ఒకే చోట ఉన్నది. అంతేకాదు, డాక్టర్లూ ఇంజనీర్లూ నలభై ఏళ్ళుగా కుస్తీ పడుతున్న ఒక విచిత్రమైన పనిముట్టు గుట్టు కూడా అక్కడే ఉన్నది. ఆ పనిముట్టు రక్తనాళంలోంచి దూరి గుండె దాకా వెళ్ళి, అక్కడ కూర్చుని వినే ఒక తీగచుట్ట. దాని సంగతే ఇవాళ చెప్పుకుందాం.

ముందు ఆ పెద్ద మిషను ఏం చేస్తుందో చూద్దాం. మన ఒంట్లో ఎక్కువ భాగం నీళ్ళే గదా. ఆ నీటిలోని హైడ్రోజన్ కేంద్రకాలు ఒక్కొక్కటీ అతి చిన్న అయస్కాంతం లాంటిది. మామూలుగా అవి తలోదిక్కూ చూస్తుంటాయి. భూమి అయస్కాంత బలానికి 30 వేల రెట్లకు పైగా బలమున్న 1.5 టెస్లా అయస్కాంతంలో మనిషిని పడుకోబెడితే, వాటిలో కొన్ని ఒక వరసకు వస్తాయి. కొన్ని అంటే ఎన్ననుకున్నారు? 10 లక్షలకు సుమారు 5 మాత్రమే మిగతావాటికన్నా అదనంగా ఒక వైపుకు మొగ్గుతాయి. అప్పుడు మిషను ఒక రేడియో తరంగాన్ని పంపి వాటిని కదిలిస్తుంది. తరంగం ఆగగానే అవి కూడా రేడియో లాగానే బదులు పలుకుతాయి. 1.5 టెస్లా మిషనులో ఆ పలుకు సుమారు 64 మెగాహెర్ట్జ్ దగ్గర, 3 టెస్లా మిషనులో సుమారు 128 దగ్గర వినిపిస్తుంది. మనం వంటింట్లో వినే ఎఫ్.ఎం. స్టేషన్లు 88కీ 108కీ మధ్యన ఉంటాయి. అంటే మన శరీరం పలికేది ఇంచుమించు మన రేడియో ఇరుగుపొరుగులోనే అన్నమాట! బయటి స్టేషన్లు చొరబడి ఆ పలుకును చెడగొట్టకుండా స్కానింగు గది గోడలకు రాగి రేకు తొడుగుతారు.

ఆ పలుకు మరీ నీరసమైనది. మా ఊరి పెద్దచెరువు కట్టకు ఈ చివర నిలబడి, ఆ చివర ఎవరో గొణిగితే వినగలమా? వినాలంటే నడిచి దగ్గరకు పోవాలి. డొప్ప పని అదే. అందులో రాగితీగ చుట్ట, కండెన్సర్లు ఉంటాయి. మన ట్రాన్సిస్టరులో స్టేషను పట్టే సరంజామా కూడా అదే గదా! మిషను గోడలో ఉన్న పెద్ద చుట్ట ఒళ్ళంతా చూస్తుంది. కాని ఒళ్ళంతా చూడటమే దాని లోపం కూడా. వెచ్చగా, ఉప్పునీటితో నిండిన శరీరం తనంతట తానే ఒక రకమైన రొద చేస్తూ ఉంటుంది. పెద్ద చుట్టకు ఆ రొద అంతా వినబడుతుంది. చిన్న చుట్టకు తన పక్కనున్న కాస్త రొదే వినబడుతుంది, పక్కనున్న పలుకు మాత్రం గట్టిగా వినబడుతుంది. పెళ్ళిపందిట్లో మేళం మోగుతున్నా చెవి దగ్గర చెప్పిన రహస్యం తెలియడం లేదూ? అలాగే.

మరి మోకాలికి డొప్ప కట్టొచ్చు. గుండెకు ఎలా కట్టడం? రక్తనాళం గోడకు ఎలా కట్టడం? చుట్ట ఎంత వెడల్పు ఉంటే సుమారుగా అందులో సగం లోతు వరకే బాగా వింటుంది. లోతుగా వినాలంటే చుట్ట పెద్దది కావాలి; పెద్దదైతే రొద పెరుగుతుంది. అందుకే చుట్టను కాథెటర్ అనే సన్నని గొట్టం కొసన అమర్చి లోపలికే పంపిస్తే పోలేదా, అన్న ఆలోచన వచ్చింది.

ఆ పని చేసి చూపినవారిలో ముందు చెప్పుకోవలసినవారు అమెరికాలో కాంటర్, బ్రిగ్స్, బాలబాన్ అనే ముగ్గురు. 1984లో వారు కుక్క గుండెలోకి కాథెటర్ కొసన చుట్టను పంపి విన్నారు. వారు విన్నది నీటి పలుకు కాదు, భాస్వరం పలుకు. గుండె కండరంలోని ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థం ఎంత ఉన్నదో, ఎలా తగ్గుతున్నదో వారికి కావాలి.

ఈ ఫాస్ఫోక్రియాటిన్ పేరు వినగానే తెలుగువారికి ఒక పేరు గుర్తుకు రావాలి. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఇద్దరు అన్నదమ్ములు జబ్బుచేసి పోవడం చూసినవారు, మద్రాసులో వైద్యం చదివి, భార్య శేషగిరి గారిని ఇక్కడే వదిలి అమెరికా వెళ్ళారు. మళ్ళీ తిరిగి రాలేదు. 1948లో అక్కడే కన్నుమూశారు. హార్వర్డులో ఫిస్కే గారితో కలిసి 1925లో రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతి కనిపెట్టారు. 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ ఉన్నదని లోకానికి తెలియజేశారు. అంతకుముందు ఎవరికీ అది ఎందుకు దొరకలేదంటే, కండరాన్ని కోసి ఆమ్లంలో వేసేసరికి అది విడిపోయి మామూలు భాస్వరంగా కనిపించేది.

అది చేసే పని మన ఇళ్ళలో అందరికీ తెలిసినదే. కండరం రోజువారీ ఖర్చు పెట్టేది ఏ.టి.పి. అనే పదార్థాన్ని. అది చేతిలో చిల్లర. ఫాస్ఫోక్రియాటిన్ పోపులపెట్టెలో దాచిన నోటు. చిల్లర అయిపోగానే పెట్టెలోంచి తీసి సర్దుతుంది. గుండెకు రక్తం అందకపోతే ముందు ఖాళీ అయ్యేది ఆ పోపులపెట్టే. కాబట్టి కోయకుండా, బయటినుంచి చేయి పెట్టకుండా అందులో ఎంత మిగిలిందో వినగలిగితే గుండె పరిస్థితి తెలుస్తుంది. కాని భాస్వరం గొంతు నీటి గొంతుకన్నా ఇంకా సన్నం. రొమ్ము మీద డొప్ప పెడితే పైనున్న ఛాతీ కండరం పలుకు కూడా కలిసిపోతుంది, దానిలోనూ అదే పదార్థం ఉంది గనుక. అందుకే లోపలికి వెళ్ళవలసి వచ్చింది. 1927లో కండరాన్ని కోసి పట్టుకున్న దాన్ని, 57 ఏళ్ళకు కొట్టుకుంటున్న గుండెలో కూర్చుని విన్నారు.

చెప్పినంత తేలికా? కాదు. ఇలాంటి చుట్ట తయారుచేయటంలో చిక్కులన్నీ ఒకదాని వెంట ఒకటి వస్తాయి.

మొదటిది చోటు. గుండె కండరానికి రక్తం ఇచ్చే ధమని లోపలి వెడల్పు మహా అయితే 3, 4 మిల్లీమీటర్లు. గొట్టం 2 మిల్లీమీటర్లకు మించితే రక్తం దారి మూసుకుపోతుంది. అందులోనే చుట్ట, కండెన్సరు, వైరు అన్నీ ఇమడాలి. ఇనుము పనికిరాదు; రాగి, బంగారం, అయస్కాంతానికి లొంగని మిశ్రలోహాలు వాడాలి. మలుపుల్లో వంగాలి, విరగకూడదు.

రెండోది దిక్కు. ట్రాన్సిస్టరును ఒక వైపు తిప్పితే పాట గట్టిగా రావడం, మరోవైపు తిప్పితే నీరసించడం మీరు చూసే ఉంటారు. ఈ చుట్టకూ అదే గుణం. దారపు కండెలా గొట్టం చుట్టూ తీగ చుడితే, గొట్టం పెద్ద అయస్కాంతం దిక్కులోనే నిలువుగా ఉన్నప్పుడు దానికి ఏమీ వినబడదు. మన పెద్ద ధమనేమో సరిగ్గా ఆ దిక్కులోనే ఉంటుంది! 1990ల మొదట్లో దీనికి ఒక ఉపాయం చేశారు. కొంత తీగ కుడివైపుకు చుట్టి, కాస్త ఖాళీ వదిలి, మిగతా తీగ ఎడమవైపుకు చుట్టారు. రెండు చుట్టలూ ఒకదాన్నొకటి నెట్టుకొని ఆ ఖాళీ దగ్గర పక్కలకు చూస్తాయి. అప్పుడు ధమని గోడ గాజులా గుండ్రంగా కనబడుతుంది. 1997లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో ఒజాలి, అటలార్ అసలు చుట్టే లేకుండా, టీవీ కేబులులో మధ్య తీగను కొంత బయటికి సాచినట్లు ఉండే ఏరియల్‌ను తయారుచేశారు. అది చాలా సన్నం. పొడుగునా వింటుంది, కొసన మాత్రం అంతగా వినదు.

మూడోది శ్రుతి. బల్ల మీద పెట్టి సరిగ్గా 64 దగ్గర శ్రుతి చేసిన చుట్ట, ఉప్పగా ఉండే రక్తంలోకి వెళ్ళగానే పక్కకు జరిగిపోతుంది. రేడియో ఏరియల్ దగ్గర చేయి పెడితే స్టేషను చెదిరినట్లే. అందుకే లోపలికి వెళ్ళాక ఎంత జరుగుతుందో ముందే లెక్కవేసి చేయాలి.

నాలుగోది, అన్నిటికన్నా గడ్డుది, వేడి. ఇక్కడే మన పెద్దమ్మ ముంజేయి గుర్తుచేసుకోండి. వినేముందు మిషను పంపే తరంగం క్షణకాలమే అయినా కొన్ని వేల వాట్ల బలంతో ఉంటుంది. బదులు వచ్చేదేమో అణువంత. వినడానికి శ్రుతి చేసిన చుట్ట ఆ పెద్ద కేకను కూడా పట్టుకుంటుంది. అప్పుడు తీగలో కరెంటు పుట్టి వేడెక్కుతుంది. అందుకని డయోడ్ అనే చిన్న మీట పెట్టి, కేక వేసేటప్పుడు చుట్ట చెవులు మూసి, బదులు వచ్చేటప్పుడు తెరుస్తారు. చుట్ట సంగతి అలా తీరినా, గుండె నుంచి బయటిదాకా వచ్చే పొడుగాటి వైరు ఉన్నదే, అది తానే ఏరియల్ అయి కూర్చుంటుంది. 64 మెగాహెర్ట్జ్ తరంగం గాలిలో 4.7 మీటర్ల పొడుగు. తడిగా ఉన్న శరీరంలో సుమారు అర మీటరుకు కుంచించుకుపోతుంది. అందులో సగం, అంటే పాతిక సెంటీమీటర్ల వైరు లోపల ఉంటే చాలు, కొస బాగా కాలగలదు. దీనికి మందు వైరును ముక్కలు చేసి మధ్యమధ్య చిన్న అడ్డుకట్టలు వేయడం, లేదా రాగికి బదులు వెలుగును మోసే గాజుతీగ వాడటం.

పెద్దమ్మకు చేయి చురుక్కుమన్నది కాబట్టి తెలిసింది. రక్తనాళం లోపల కాలితే మనిషికి తెలియకపోవచ్చు. చెప్పేవారు లేని చోట కాలకుండా చూసే బాధ్యత పూర్తిగా తయారుచేసేవారిదే. వినే బలం పెంచటంకన్నా ఈ వేడిని ఆపటానికే పరిశోధకులకు ఎక్కువ కాలం పట్టిందంటే ఆశ్చర్యం లేదు.

ఇంతకూ ఈ పనిముట్టు మన ఆసుపత్రుల్లో ఉన్నదా అంటారా? ఒంట్లోకి వెళ్ళే చుట్టల్లో బాగా వాడుకలోకి వచ్చినది మగవారి ప్రోస్టేట్ గ్రంథిని చూడటానికి మలద్వారం గుండా పెట్టే బెలూన్ లాంటిది. అదీ 3 టెస్లా మిషన్లు, మంచి పైడొప్పలు వచ్చాక తగ్గింది. గర్భాశయ ముఖద్వారాన్ని చూడటానికి కూడా ఇలాంటి చుట్టలతో పరిశోధన జరిగింది. రక్తనాళాల్లోకి వెళ్ళే చుట్ట మాత్రం ఇంకా ఎక్కువగా పరిశోధనశాలల్లోనే ఉన్నది. గుండె ధమని గోడను లోపలినుంచి చూడాలంటే హైదరాబాదులో సైతం డాక్టర్లు వాడేది కాథెటర్ కొసన ఉండే అల్ట్రాసౌండు, లేదా కాంతితో చూసే పరికరం. కాబట్టి "మాకూ ఆ చుట్ట పెట్టండి" అని ఎవరినీ అడగనక్కరలేదు.

మనకు రేపే పనికివచ్చే సంగతి వేరే ఉన్నది. స్కానింగుకు వెళ్ళేటప్పుడు పిన్నీసులు, తలపిన్నులు, మెట్టెలు, తాయత్తు, జరీ బట్టలు తీసేయమంటారు. మంగళసూత్రం తీయడానికి మనసు ఒప్పదు. "బంగారాన్ని అయస్కాంతం లాగదు గదా" అంటారు కొందరు. లాగదు, నిజమే. కాని మెడలో గొలుసు కూడా ఒక తీగచుట్టే. అది వేడెక్కవచ్చు, బొమ్మనూ చెడగొడుతుంది. లోపలున్నంతసేపు చేతులు జోడించి పెట్టుకోవద్దు, కాళ్ళు ఒకదాని మీద ఒకటి వేసుకోవద్దు. చర్మానికి చర్మం తగిలితే మన ఒళ్ళే చుట్ట అవుతుంది. వైరు ఒంటికి తగులుతుంటే మధ్యలో గుడ్డ పెట్టమని అడగండి. గుండెలో పేస్‌మేకరు, తలలో క్లిప్పు, చెవిలో యంత్రం, కాపర్-టి, ఏది ఉన్నా సిగ్గుపడకుండా ముందే చెప్పండి. చెప్పినంత మాత్రాన స్కానింగు మానేస్తారని కాదు, దానికి తగ్గట్టు చూసుకుంటారు.

చివరిగా ఆ రబ్బరు బంతి. కదలొద్దన్నారంటే బాధ ఓర్చుకొమ్మని కాదు. సుర్రుమంటే నొక్కాలి. ఇదంతా విని మా పెద్దమ్మ, "అట్లనా? నొక్కితె కోప్పడతరనుకున్న" అన్నది. మనలో ఎంతమందిమి ఇలా అనుకొని ఊరుకుంటామో గదా! మన ఒంట్లో నీటి గుసగుస వినటానికి ఇంత పెద్ద మిషను పెట్టుకున్నవారు, మనం నోరు తెరిచి చెబితే వినరా?