రేకు కోతకు సందే కీలకం

ధాన్యం తోలే ట్రాక్టరు ట్రక్కు ఇనుప రేకుతో తయారవుతుంది. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల్లో ట్రక్కు కట్టించే రైతులు రేకు కోతను గమనించాలి. దళసరి రేకును హైడ్రాలిక్ షేరింగ్ మిషను రెండు బ్లేడ్ల మధ్య తెంచుతుంది.

మామూలు ఇనుముకు బ్లేడ్ల మధ్య సందు రేకు మందంలో 5 నుంచి 10 శాతం ఉంచడం వాడుక. 4 మిల్లీమీటర్ల రేకుకు 0.2 నుంచి 0.4 మిల్లీమీటరు. సందు ఎక్కువైతే అంచు వంగి, ముళ్లలా లేస్తుంది. ఆ ముళ్లు చేతులు కోస్తాయి, గోనె సంచులు చింపుతాయి. మరీ తక్కువైతే బ్లేడ్లు ఒరుసుకుని పెచ్చులూడతాయి.

రేకు మందం మారితే సందూ మార్చాలి. కరెంటు ఆపి, పై బ్లేడు జారకుండా చూసుకుని, ఈ కొస నుంచి ఆ కొస దాకా ఫీలర్ గేజితో కొలవాలి. వేళ్లు మాత్రం మధ్యన పెట్టరాదు.

రైతులు రేకు అంచు చూశాకే డబ్బివ్వడం మేలు.