ముప్పై కిలోమీటర్లకు ఎంత ఉగ్గాని?

ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు రోడ్డు మీద దాదాపు 30 కిలోమీటర్లు. 60 కిలోల బరువున్న కుర్రాడు పాతకాలపు బరువు సైకిలు మీద గంటకు 20 కిలోమీటర్ల చొప్పున వెళ్తే గంటన్నర పడుతుంది, సుమారు 720 కేలరీలు ఖర్చవుతాయి. అదే కుర్రాడు రేసు సైకిలెక్కి గంటకు 30 చొప్పున తొక్కితే గంటలో చేరిపోతాడు. ఖర్చు మాత్రం మళ్ళీ 720 కేలరీలే. శ్రమను లెక్కగట్టే పట్టికల్లో మొదటి వేగానికి కిలో బరువుకు గంటకు 8 కేలరీలు, రెండోదానికి 12. గుణించి చూసుకోవచ్చు.

తేడా అంతా ఆ 720 ఏ ఖాతాలోంచి వస్తుందన్న దాంట్లో ఉంది. తీరిగ్గా తొక్కుతుంటే ఒళ్ళు కొవ్వును బాగా వాడుకుంటుంది. రొప్పుతూ తొక్కితే పిండిపదార్థాల మీద పడుతుంది. కొవ్వుకు కొదవ లేదు, బక్కపలుచని మనిషిలో కూడా రోజుల తరబడి సరిపడా ఉంటుంది. పిండిపదార్థాల నిల్వే తక్కువ. గ్లైకోజెన్ అనే రూపంలో కండరాల్లో సుమారు 400 గ్రాములు, కాలేయంలో 100 గ్రాముల దాకా ఉంటుంది. గ్రాముకు 4 కేలరీలు, మొత్తం 2000.

రెండు వేలలో 720 పోతే ఇంకా సగానికి పైగా మిగలాలి. కాగితం మీద నిజమే. కానీ కండరం తన దగ్గరున్న గ్లైకోజెన్‌ను రక్తంలోకి వదలదు. భుజాల్లో, చేతుల్లో ఎంత ఉన్నా తొడలకు ఒక్క గ్రాము అందదు. నలుగురికీ పంచేది కాలేయం ఒక్కటే. అది కూడా రాత్రంతా మెదడుకు చక్కెర పంపి పంపి, తెల్లారేసరికి చాలా వరకు ఖాళీ అయి ఉంటుంది. అందుకే రేసు పొద్దున తినేది ముఖ్యంగా కాలేయం కోసం. తొడల కోసం తినాల్సింది ముందురోజే తినేసి ఉండాలి.

ఈ సంగతి ఎలా తేలిందో చెప్పుకోదగ్గ కథ. 1966లో స్వీడన్‌లో యోనాస్ బెర్గ్‌స్ట్రోమ్, ఎరిక్ హుల్ట్‌మన్ అనే ఇద్దరు పరిశోధకులు ఒకే వ్యాయామ సైకిలుకు చెరో పక్కన కూర్చుని, చెరో కాలితో అలసిపోయేదాకా తొక్కారు. రెండో కాలికి విశ్రాంతి. తర్వాత పిండిపదార్థాలు దండిగా తింటూ, సూదితో తమ తొడల కండరం నుంచే ముక్కలు తీసి పరీక్షించుకున్నారు. తొక్కిన కాలిలో గ్లైకోజెన్ మామూలు స్థాయిని దాటి పెరిగిపోయింది. తొక్కని కాలిలో పెద్దగా మార్పు లేదు. మరుసటి ఏడాది వచ్చిన ప్రయోగం రేసుగాళ్ళకు ఇంకా దగ్గరిది. ఒకే బృందం, ఒకే శ్రమ, తిండి మాత్రం మూడు రకాలు. మామూలు తిండి తిన్నప్పుడు సగటున 114 నిమిషాలు తొక్కగలిగారు. మాంసం, కొవ్వు మీదే ఉన్నప్పుడు 57. పిండిపదార్థాలు బాగా తిన్నప్పుడు 167. రేసు ముందు కోడికూరతో బలం వస్తుందని నమ్మేవాళ్ళకు ఆ 57 చూపించాలి.

ఇక మన పళ్ళెంలోకి వద్దాం. క్రీడా పోషకాహార నిపుణులు చెప్పే కొలత ఇది: రేసుకు గంట ముందు నుంచి 4 గంటల ముందు వరకు, కిలో బరువుకు 1 నుంచి 4 గ్రాముల పిండిపదార్థం. గంట ముందైతే 1, మూడు గంటల ముందైతే 3 అని గుర్తుపెట్టుకుంటే చాలు. 60 కిలోల మనిషికి గంట ముందు 60 గ్రాములు.

ఆదోనిలో, ఎమ్మిగనూరులో పొద్దున్నే ఏ హోటలు ముందు నిలబడినా ఆ 60 గ్రాములు ఉగ్గాని రూపంలో పొగలు కక్కుతూ కనిపిస్తాయి. బొరుగుల్ని నీళ్ళలో ముంచి, మెత్తబడగానే గుప్పెడు గుప్పెడుగా గట్టిగా పిండి పక్కన పెడతారు. రెండు నిమిషాలు ఆలస్యమైతే ముద్దే. బాండలిలో తాలింపు, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, టమాటా, పసుపు వేసి, అవి మగ్గాక బొరుగులు వేసి కలిపి, పైన పప్పుల పొడి చల్లి నిమ్మకాయ పిండుతారు. తూకానికి 75 గ్రాముల బొరుగులంటే పళ్ళెం నిండా వస్తాయి. వాటిలో పిండిపదార్థం సుమారు 55 గ్రాములు. రెండు పెద్ద చెంచాల పప్పుల పొడి నుంచి మరో 8, 9. లెక్క సరిపోయింది. పైగా వేడి ఇసుకలో పేలి వచ్చిన బియ్యం కాబట్టి పీచు తక్కువ, అరుగుదల త్వరగా. బొరుగులు తింటే రక్తంలో చక్కెర గబుక్కున పెరుగుతుందని మధుమేహం ఉన్నవాళ్ళను జాగ్రత్తగా ఉండమంటారు కదా, ఆ గుణమే రేసు పొద్దున పనికొస్తుంది. ఉప్పు నీళ్ళు పట్టించి పేల్చిన బొరుగులైతే చెమటలో పోయే ఉప్పులో కొంత ముందే కడుపులో పడుతుంది.

తంటా అంతా పక్కనున్న బజ్జీలతోనే. ఒక్కో మిరపకాయ బజ్జీ ఒక చెంచా నూనె పీల్చిందనుకున్నా నాలుగింటికి 20 గ్రాములు, అంటే 180 కేలరీల నూనె. కేలరీలు ఎక్కువైతే మంచిదేగా అనిపిస్తుంది. కానీ నూనె కడుపును నెమ్మదింపజేస్తుంది. హ్యాండిల్ మీదికి వంగి తొక్కుతుంటే అరగని బజ్జీ గొంతులోకి మంటై వస్తుంది, కారం దానికి తోడు. బజ్జీ లేకుండా ఉగ్గాని తినమనడం మా వైపు వాళ్ళకు ఎంత కష్టమో తెలుసు. అయినా రేసు అయ్యేదాకా ఆగాల్సిందే. పచ్చిమిర్చి కూడా సగానికి తగ్గించమని హోటలాయనకు చెప్పుకోవాలి.

చిక్కు ఇంకొకటి. ఎండలకు భయపడి ఇక్కడ ఏ పోటీ పెట్టినా 6 గంటలకే పెట్టాలి. మూడు గంటల ముందు తినాలంటే తెల్లవారుజామున 3కు లేవాలి. నా మాటైతే నిద్ర మానుకోవద్దు. 5 గంటల ప్రాంతంలో రెండు మధ్యరకం అరటిపళ్ళు చాలు. 100 గ్రాముల గుజ్జుకు 27 గ్రాముల లెక్కన అవే 54 ఇస్తాయి. ఇంకా ఆకలుంటే బెల్లం పాకంతో చేసిన ఒక చిన్న బొరుగుల ఉండ. అరగంట ముందు తీపి తింటే కొందరికి మొదట్లో కాస్త నీరసంగా ఉంటుంది. అలాంటివాళ్ళు బయల్దేరడానికి 5 నిమిషాల ముందు తింటే ఆ బాధ ఉండదు.

జొన్న రొట్టె సంగతి అడుగుతారు. 80 గ్రాముల పిండితో చేసిన రొట్టెలో పిండిపదార్థం సుమారు 55 గ్రాములు ఉన్నా, పీచు 8 గ్రాముల దాకా ఉంటుంది. రోజూ తినడానికి దానికి మించింది లేదు. రేసు పొద్దున మాత్రం వద్దు. ముందురోజు మధ్యాహ్నం రొట్టె గానీ సంగటి గానీ తిని, రాత్రి 8 లోపు తెల్లన్నం, పప్పు, పెరుగుతో సరిపెట్టుకుంటే పొద్దున కడుపు తేలిగ్గా ఉంటుంది. బుడ్డలు, అదే వేరుశనగలు, గుప్పెడు తింటే 170 కేలరీలు వస్తాయి గానీ అందులో పిండిపదార్థం 5 గ్రాములే. మిగతాది ముఖ్యంగా నూనె. మన చేల పంటే కదా అని రేసు ముందు నమిలితే లాభం లేదు.

రెండు రోజుల ముందు నుంచి కిలోకు 10 గ్రాముల పిండిపదార్థం చొప్పున తినే పద్ధతి గురించి కొందరు వినే ఉంటారు. 60 కిలోల మనిషికి రోజుకు 600 గ్రాములు, అంటే అన్నంలోనే తినాలంటే రెండు కిలోలకు పైగా. గంటన్నర దాటే పోటీలకే ఆ అవస్థ. హైదరాబాద్‌లోనూ జరిగే ఆడాక్స్ అనే దూరపు సైకిలు యాత్రలో 200 కిలోమీటర్లు 13 గంటల 30 నిమిషాల్లో ముగించాలి, అక్కడ దానికి అర్థముంది. ఎమ్మిగనూరు దాకా వెళ్ళడానికి అనవసరం.

ఆ 30 కిలోమీటర్లలో మధ్యలో నీళ్ళు తప్ప ఏమీ అక్కర్లేదు. వెళ్ళి తిరిగి రావాలంటే, అంటే 60 కిలోమీటర్లైతే, గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం లోపలికి పోవాలి. అర లీటరు నీళ్ళలో 6 చెంచాల చక్కెర, పెద్ద చిటికెడు ఉప్పు, అర చెక్క నిమ్మరసం కలిపితే 30 గ్రాములు. నిమ్మకాయంత బెల్లం ముక్క మరో 25 ఇస్తుంది. ఎండకు జేబులో కరిగి బట్టకు అంటుకోకుండా కాగితంలో చుట్టుకోవాలి. టీ అలవాటున్నవాళ్ళు ఒక గ్లాసు తాగొచ్చు. వేగం పెరుగుతుందని మాత్రం కాదు. కెఫీన్ పనిచేయాలంటే కిలోకు 3 మిల్లీగ్రాములు, మొత్తం 180 కావాలి. చిన్న గ్లాసు టీతో ఆ లెక్క తెగాలంటే ఆరేడు గ్లాసులు తాగాలి, తర్వాతి సంగతి ఊహించుకోవచ్చు.

నీళ్ళకు ఒకే కొలత పెట్టలేం. ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరుడి జాతర రోజుల చలిలో గంటకు అర లీటరు చెమట పోస్తే, మే నెలలో ఒకటి నుంచి ఒకటిన్నర లీటర్లు పోవచ్చు. బయల్దేరడానికి రెండు మూడు గంటల ముందు కిలోకు 5 నుంచి 7 మిల్లీలీటర్లు, అంటే 300 నుంచి 420 తాగడం మామూలు లెక్క. 5కే లేచేవాళ్ళు నిద్ర లేవగానే ఒక పెద్ద గ్లాసుతో మొదలుపెట్టాలి. ఆపైన ఎంత తాగాలో తూకంతో తేల్చుకోవాలి. పత్తి, బుడ్డల యార్డున్న ఆదోనిలో కాటా గురించి చెప్పనక్కర్లేదు. సాధన చేసే రోజున ముందూ వెనకా బరువు చూసుకుంటే, తగ్గిన ప్రతి కిలో ఒక లీటరు. 60 కిలోల మనిషి 1.2 కిలోలకు మించి తగ్గాడంటే తాగింది చాలలేదు. బరువు పెరిగి వచ్చాడంటే అవసరానికి మించి తాగాడు, రక్తంలో ఉప్పు పలచబడే ప్రమాదం కాబట్టి అది ఇంకా చెడ్డది.