ఇబ్రహీంపట్నం ఏ జిల్లా?

సంస్థల దగ్గర పోగుపడే లెక్కలను నిర్ణయాలకు పనికొచ్చే నివేదికలుగా మలిచే పనిని బిజినెస్ ఇంటెలిజెన్స్ అంటారు. ఐబీఎం పరిశోధకుడు హాన్స్ పీటర్ లూన్ 1958లోనే దీని మీద వ్యాసం రాశాడు. ఇందులో కొలువులు ప్రధానంగా మూడు. నానా చోట్ల నుంచి డేటా తెచ్చి శుభ్రం చేసేది డేటా ఇంజినీరు. పట్టికలు ఎలా ఉండాలో తేల్చేది డేటా మోడలర్. వాటిలోంచి జవాబులు, బొమ్మలు తీసేది అనలిస్టు. పేరంతా అనలిస్టుకే వస్తుంది గానీ అసలు తెలివి మోడలర్ పనిలో ఉంది.

జగిత్యాల జిల్లా ఇబ్రహీంపట్నం మండలాన్నే తీసుకోండి. 2016 అక్టోబరు 11న తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి. ముందురోజు దాకా కరీంనగర్ జిల్లాలో ఉన్న ఇబ్రహీంపట్నం, కోరుట్ల జగిత్యాల జిల్లాలోకి వెళ్లాయి. సిరిసిల్ల తానే జిల్లా అయింది. 2011 జనగణనలో 37.76 లక్షలున్న కరీంనగర్ జనాభా కొత్త హద్దుల్లో సుమారు 10 లక్షలకు దిగింది. ఊళ్లు కదల్లేదు, మనుషులూ కదల్లేదు.

రాష్ట్రమంతా ఎరువులు అమ్మే కంపెనీ ఒకటి ఉందనుకుందాం. ప్రతి బిల్లు మీదా ఆనాటి జిల్లా పేరే రాసుకుపోతే, మరుసటి ఏడు కరీంనగర్ అమ్మకాలు కుప్పకూలినట్టు కనిపిస్తాయి. అక్కడి మేనేజరుకు సంజాయిషీ నోటీసు వెళ్తుంది. పోనీ, ఊళ్ల పట్టికలో ‘కరీంనగర్’ తుడిచి ‘జగిత్యాల’ రాస్తే, 2015 అమ్మకాలు అప్పటికి పుట్టని జిల్లా ఖాతాలో పడతాయి. పాత నివేదికలతో పొంతన కుదరదు.

ఇలాంటి మార్పులను పట్టికల్లో నమోదు చేయడానికి రాల్ఫ్ కింబల్ 1996 నాటి పుస్తకంతో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతుల్లో తుడిచి రాయడం మొదటి రకం. అందమైనది రెండో రకం. ఇందులో పాత వరుసను ముట్టుకోరు, ముగింపు తేదీ మాత్రం వేస్తారు. ఇబ్రహీంపట్నానికి రెండు వరుసలుంటాయి: కరీంనగర్‌తో ఒకటి, 2016 అక్టోబరు 10 దాకా, జగిత్యాలతో మరొకటి, 11 నుంచి. ఒక్కో వరుసకు అర్థంలేని అంకె ఒకటి తాళంచెవిగా ఇస్తారు. బిల్లులో ఊరి పేరుకు బదులు ఆ అంకె ఉంటుంది. అమ్మిన నాటి జిల్లా ప్రకారం లెక్క కావాలంటే అదే చాలు. నేటి హద్దుల ప్రకారం పాత లెక్క కావాలంటే, రెండు వరుసల్లోనూ మారకుండా ఉన్న ఊరి కోడ్ పట్టుకుని చివరి వరుసకు వెళ్లాలి.

ఇక్కడ చాలామంది జారిపడేది ఒక్క రోజు దగ్గర. పాత వరుసకు ముగింపుగానూ 11వ తేదీనే వేస్తే ఆ రోజు బిల్లుకు అంకె వెతికితే రెండు వరుసలూ తగులుతాయి, బిల్లు రెండుసార్లు లెక్కకొస్తుంది. అది దసరా రోజు కూడా. బట్టల దుకాణం లెక్కయితే పండగ బేరం రెట్టింపైందని సంబరపడతారు!

పేరునే తాళంచెవి చేసుకున్నవారి గతి ఇంకా అన్యాయం. రంగారెడ్డి జిల్లాలో ఒక ఇబ్రహీంపట్నం, విజయవాడ పక్కన ఇంకొకటి ఉన్నాయి. పైగా జగిత్యాల జిల్లాలోని ఈ మండలం కోరుట్ల శాసనసభ స్థానం ద్వారా నిజామాబాద్ లోక్‌సభ పరిధిలోకి వస్తుంది. కాబట్టి జిల్లా, లోక్‌సభ స్థానం ఒకే నిచ్చెన మెట్లు కావు. వేర్వేరు నిలువు వరుసల్లో ఉంచాలి.

2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేట చేరి జిల్లాలు 33 అయినప్పుడు, రెండో రకం పాటించినవారికి పని సులువు: కదిలిన ఊళ్లకు పాత వరుస మూయడం, కొత్తది తెరవడం. ఇంతా చేసి, ఉద్యోగ శిక్షణ అంటే పవర్ బీఐ, టాబ్లో వంటి సాఫ్ట్‌వేర్లలో రంగుల బొమ్మలు గీయడమే అన్నట్టుంది.